పిస్టల్ మ్యాగజైన్: శుభ్రం చేసే పద్ధతి, భద్రపరిచే తీరు

ఆయుధ లైసెన్స్ పునరుద్ధరణ దరఖాస్తులు నింపించుకోవడానికి మా సంఘం ఆఫీసుకు వచ్చేవారిలో మాజీ సైనికులుంటారు, గార్డు ఉద్యోగం చేసి దిగిపోయినవారుంటారు, తోటలూ క్వారీలూ ఉన్నవారుంటారు. తుపాకీ గొట్టం నెలనెలా తుడుస్తున్నామని చెబుతారు. మ్యాగజైన్ మాటెత్తితే మాత్రం "అది ఉత్త డబ్బాయే కదండీ" అనేస్తారు. పిస్టల్ మొరాయించినప్పుడు మొదట అనుమానించవలసింది ఆ డబ్బానే. అందుకే లైసెన్స్ ఉన్న మన కుటుంబాల కోసం ఈ వివరాలు ఒకచోట రాసి పెడుతున్నాం.

మన దేశంలో పౌరులకు లైసెన్స్ మీద దొరికే పిస్టళ్లలో ఎక్కువభాగం .32 బోర్‌వి. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే 'అశని' ఈ రకమే. తాతల కాలం నుంచి ఇళ్లలో ఉన్న విదేశీ పిస్టళ్లలో చాలావాటి మీద 7.65 ఎంఎం అని ఉంటుంది. అదీ ఇదీ ఒకే తూటా. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం నిషిద్ధ బోర్ కిందికి వస్తుంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా .32 పిస్టల్‌ను దృష్టిలో పెట్టుకునే.

మ్యాగజైన్‌లో భాగాలు నాలుగే. బయటి రేకు గొట్టం, లోపల స్ప్రింగ్, స్ప్రింగ్ తల మీద కూర్చుని తూటాలను పైకి నెట్టే పలక, అడుగు మూత. పలకను ఫాలోవర్ అంటారు. గొట్టం పై అంచులు రెండూ లోపలికి వంగి పెదవుల్లా ఉంటాయి. పై తూటాను పట్టి ఉంచేవి అవే. పిస్టల్ స్లైడ్ వెనక్కి వెళ్లి ముందుకొచ్చేటప్పుడు ఆ తూటాను పెదవుల మధ్య నుంచి నెట్టుకుపోయి ఛాంబర్‌లో పెడుతుంది. పెదవి కొద్దిగా వంగినా తూటా తల ఎత్తుగానో పల్లంగానో వెళ్లి ఇరుక్కుంటుంది. స్ప్రింగ్ నీరసిస్తే చివరి రెండు మూడు తూటాలు సమయానికి పైకి రావు. లోపల మసి, దుమ్ము పేరుకుంటే ఫాలోవర్ మధ్యలో పట్టేస్తుంది. పిస్టల్ పాడైందనుకుని డీలరు దగ్గరికి పరుగెత్తే ముందు ఈ మూడూ చూసుకోవాలి.

శుభ్రం చేయడం కంటే ముందు ఖాళీ చేయడం. ప్రమాదం అక్కడే ఉంది కనుక వరుస తప్పకూడదు. గది తలుపు మూయాలి, పిల్లలెవరూ లోపల ఉండకూడదు. గొట్టం మనుషులు లేని వైపు, గట్టి గోడకేసి ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. మొదట మ్యాగజైన్ తీయాలి. ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగి, ఆపి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. ఈ వరుస తిరగబడితే, అంటే స్లైడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, బయటపడిన తూటా స్థానంలో ఇంకోటి ఛాంబర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. మ్యాగజైన్ చేతిలో ఉంది కాబట్టి పిస్టల్ ఖాళీ అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మ్యాగజైన్ తీస్తే పేలని ఏర్పాటు కొన్ని పిస్టళ్లకే ఉంటుంది, చాలావాటికి ఉండదు. ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు.

మ్యాగజైన్‌లోని తూటాలను బొటనవేలితో ఒక్కొక్కటీ ముందుకు తోసి తీసి, లెక్కపెట్టి, డబ్బాలో వేసి వేరే గదిలో తాళం వేయండి. శుభ్రం చేసే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. భోజనాల బల్ల అసలే పనికిరాదు. పేల్చిన తర్వాత మిగిలే మసిలో సీసం ఉంటుంది. పాత పేపర్లు పరుచుకుని పని చేసి, ఆ పేపర్లు పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అడుగు మూత తీసే తీరు ఒక్కో పిస్టల్‌కు ఒక్కో రకం. చాలావాటిలో మూత మధ్య చిన్న రంధ్రం, అందులో ఒక బొడిపె కనిపిస్తాయి. సన్నని పుల్లతో బొడిపెను లోపలికి నొక్కి మూతను పక్కకు జరపాలి. స్ప్రింగ్ ఒత్తిడిలో ఉంటుంది, వదిలితే ఎగిరి కంట్లో పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, మూత జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టండి. మరీ భయమైతే ఒక పెద్ద పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి విప్పండి, ఎగిరినా అందులోనే పడుతుంది. స్ప్రింగ్ బయటికి లాగే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. పై కొస ఏది, ఏ వైపు వాలి ఉంది అన్నది తర్వాత గుర్తుండదు. తలకిందులుగా బిగిస్తే ఫాలోవర్ వంకరగా లేస్తుంది. ఫొటో మీకోసమే, కుటుంబం వాట్సాప్ గ్రూపు కోసం కాదు.

కొన్ని పాత విదేశీ పిస్టళ్లలో అడుగు మూత గొట్టానికి శాశ్వతంగా బిగించి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. అలాంటి మ్యాగజైన్ మళ్లీ దొరకదు. ఫాలోవర్‌ను పుల్లతో కిందికి నొక్కి పట్టి, సన్నని గుడ్డతో అందినంత మేర తుడిచి, గాలి ఊది దుమ్ము వదిలించుకోవడమే మార్గం.

విప్పిన గొట్టం లోపల పొడి బ్రష్ ఆడించి, నూలు గుడ్డతో తుడిస్తే చాలావరకు మసి పోతుంది. పాల సీసా కడిగే సన్న బ్రష్ దీనికి బాగా పనికొస్తుంది. మొండిగా ఉంటే తుపాకీ డీలరు దగ్గర దొరికే సాల్వెంట్ నాలుగు చుక్కలు గుడ్డకు అద్ది తుడిచి, తేమ లేకుండా పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోలు, థిన్నర్ వద్దు, ప్లాస్టిక్ ఫాలోవర్ పాడవుతుంది. ఉప్పుకాగితం, స్టీలు పీచు అసలు తగలనీయకండి. నల్లటి పూత లేచిపోతే తర్వాత ఎంత నూనె రాసినా తుప్పు ఆగదు.

నూనె సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. మెషిన్ అంటే నూనె పొయ్యాలన్నది మనకు అలవాటు. మ్యాగజైన్ లోపల నూనె ఉండకూడదు. ఆ నూనె దుమ్మునూ మసినీ పట్టి మడ్డిలా మారుతుంది. అంతకంటే పెద్ద నష్టం, నూనె తూటా వెనుక ఉండే ప్రైమర్‌లోకి ఇంకితే తూటా పేలకపోవచ్చు. ఆపదలో రక్షణకని పెట్టుకున్నది టిక్కుమని ఊరుకుంటుంది. స్ప్రింగ్‌కు మాత్రం తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో మళ్లీ తుడిచేయాలి. గొట్టం బయటి వైపు తుపాకీ నూనెగానీ కుట్టుమిషన్ నూనెగానీ వేలికి అంటీ అంటనంత రాస్తే సరిపోతుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె జిగటగా మారి పట్టేస్తాయి.

బిగించే ముందు వెలుగులో పెట్టి చూడండి. పెదవులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, మూలల్లో పగులు ఉందా, గొట్టానికి సొట్ట పడిందా? బిగించాక ఫాలోవర్‌ను పెన్సిల్‌తో నొక్కి వదిలితే ఎక్కడా ఆగకుండా పైకి రావాలి. ఇంట్లో అసలు తూటాలతో పరీక్ష చేయకూడదు. పరీక్షకు డమ్మీ తూటాలు దొరుకుతాయి.

పెదవి వంగిందని ప్లయర్‌తో సరిచేయడం, వీధి చివర లేత్ షాపులో ఇవ్వడం రెండూ తప్పే. ఆయుధ భాగాలు కూడా 1959 ఆయుధాల చట్టం కింద ఆయుధాలే. వాటిని మరమ్మతు చేయడానికీ లైసెన్స్ కావాలి. ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ చిక్కే.

రెండు మ్యాగజైన్లు ఉంటే అడుగున రంగు చుక్కతో ఒకటి, రెండు అని గుర్తు పెట్టుకోండి. ఇరుక్కోవడం ఎప్పుడూ ఒకటో నంబరుతోనే జరుగుతుంటే లోపం మ్యాగజైన్‌ది. రెండింటితోనూ జరుగుతుంటే పిస్టల్‌నూ తూటాలనూ చూపించుకోవాలి.

.32 తూటాకు ఒక ప్రత్యేకత ఉంది. జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన ఈ తూటా వెనుక అంచు ఒంటికంటే కాస్త వెడల్పు. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడితే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి, ఎంత మంచి స్ప్రింగైనా, ఎంత శుభ్రమైన గొట్టమైనా ముందుకు కదలవు. ప్రతి తూటానూ పెట్టేటప్పుడు దాని అంచు కింది తూటా అంచుకు ముందు ఉందో లేదో చూసుకోవాలి. తడి చేతులతో, చెమట చేతులతో నింపకండి.

ఎన్నాళ్లకొకసారి అంటే, రేంజిలో పేల్చిన ప్రతిసారీ. పేల్చకపోతే మూడు నెలలకొకసారి చాలు. యానాం, చెన్నై, గంజాం తీరంలో ఉన్నవారు మాత్రం వానాకాలంలో నెలనెలా చూసుకోవాలి. ఉప్పుగాలి బీరువాలోకీ వస్తుంది. తోలు ఒరలో ఉంచి మరిచిపోవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పడేసి, తూటాలను వేరే తాళంలో పెట్టండి.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేయమని నోటీసు వస్తే, ఇచ్చే ముందు రోజు శుభ్రం చేసి బయటి వైపు పలచగా నూనె రాసి ఇవ్వండి. వారాల తరబడి అక్కడే ఉంటుంది. రసీదులో పిస్టల్ నంబరుతోపాటు మ్యాగజైన్లు ఎన్ని, తూటాలు ఎన్ని అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించుకోండి. "ఒక పిస్టల్" అని మాత్రమే రాసిన రసీదుతో రెండో మ్యాగజైన్ అడగలేం. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి చూసుకోవాలి.

2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు ఐదేళ్లు, ఒకరికి రెండు ఆయుధాలే. లైసెన్స్ ఉన్న పెద్దవారు కాలం చేస్తే వారసులు ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరగానీ జమ చేయాలి, వారసత్వ లైసెన్స్‌కు ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. బీరువా సర్దుతుంటే బట్టల మడతల్లో తూటాలున్న పాత మ్యాగజైన్ దొరికితే, అలవాటు లేనివారు దాన్ని ఖాళీ చేయబోకండి, సంచిలో వేసుకుని బయల్దేరకండి. గది తాళం వేసి స్టేషన్‌కు కబురు చేసి, వారు చెప్పినట్టు అప్పగించండి. ఆ దరఖాస్తు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో రాయడం కష్టమైతే లైసెన్స్ పుస్తకం, మరణ ధృవపత్రం నకళ్లు పట్టుకుని మీ ఊరి తెలుగు సంఘానికి వెళ్లండి. ఆయుధం మాత్రం వెంట తేవద్దు.