కందెన కోరని కీలు

బండి యనగానే ఇరుసు, ఇరుసనగానే కందెన గుర్తుకు వచ్చును. లోహముపై లోహము జారునప్పుడు నడుమ జిడ్డు లేకున్నచో రెండును అరిగిపోవును. ఈ నియమమును మోటారు కారు గుర్రపు బండి నుండి వారసత్వముగా పొందెను. కాని ఇరువదవ శతాబ్దమున కారులోని కొన్ని కీళ్లు ఈ నియమమునుండి తప్పుకొనెను. వానికి కందెన అక్కరలేదు సరికదా, కందెనయే శత్రువు. ఈ మార్పునకు కారణము తెలియనిచో, పాతకారును బాగుచేయబోయి చెడగొట్టుట జరుగును.

చక్రము గతుకులో పడినప్పుడు పైకి లేచి మరల దిగవలెను. అందులకై చక్రమును మోయు ఆర్ములును, కమానుల కొనలును కీళ్లతో చట్రమునకు అమర్చబడి యుండును. తొలినాటి కార్లలో అట్టి కీలు అనగా ఒక ఉక్కు పిన్ను, దాని చుట్టును కంచు బుష్షు. కీలు రంధ్రములో దిగవేయు గొట్టమునకే బుష్షు అని పేరు. కొన్ని వందల మైళ్లకొకసారి ప్రతి కీలునకును గ్రీజు ఎక్కింపవలసి యుండెను. ఏమరినచో దుమ్ము గ్రీజుతో కలిసి ఆకురాయివలె పిన్నును అరగదీసెడిది. కీళ్లు వదులై బండి మోత పెట్టెడిది. చక్రముల వరుస తప్పెడిది.

దీనికి విరుగుడు రబ్బరులో దొరకెను. పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి బిరుసెక్కును. గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ దోషము తొలగునని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. 1844లో అమెరికాలో అతడును, ఇంగ్లండులో థామస్ హాంకాక్‌యు పేటెంట్లు పొందిరి. అయినను కార్లలో లోహపు కీళ్ల చోటును రబ్బరు ఆక్రమించుటకు ఎన్నో దశాబ్దములు పట్టెను. 1931లో అమెరికాలోని ప్లిమత్ కారులో ఇంజనునే రబ్బరు దిమ్మెలపై నిలిపిరి. ఆ దశాబ్దముననే ‘సైలెంట్‌బ్లాక్’ బుష్షులు ఐరోపా కార్లలో వాడుకకు వచ్చెను. రెండు ఉక్కు గొట్టముల నడుమ రబ్బరును గట్టిగా అదిమి వీనిని చేసెడివారు. పేరునకు తగినట్లు ఇవి చప్పుడు చేయవు.

ఇది పనిచేయు విధమును తరగతిలోనే చూపవచ్చును. పెన్సిలు గీతలు చెరపు రబ్బరును రెండు అట్టముక్కల నడుమ అంటింపుడు. అట్టలను అదిమినచో రబ్బరు అంతగా లొంగదు. ఒక అట్టను పక్కకు జరిపినచో సులభముగా ఒరిగి, వదలగానే యథాస్థితికి వచ్చును. బుష్షులోని రబ్బరును అంతే: బరువును తట్టుకొనును, మెలికకు లొంగును. ఆర్ము తిరుగవలసినది కొన్ని డిగ్రీలే. రబ్బరు తాను మెలిపడి ఆ కదలికను తీర్చును. ఏదియు దేనిపైనను జారదు. జారుట లేనిచోట కందెనకు పనిలేదు. పైగా సామాన్యపు గ్రీజులోని ఖనిజతైలము సహజ రబ్బరులోనికి ఇంకి దానిని ఉబ్బించి బలహీనపరచును.

పాతక్రొత్త పద్ధతులు రెండును ఒకేచోట కనబడు కారు, అలెక్ ఇసిగోనిస్ రూపొందించగా 1948లో వెలువడిన బ్రిటిషు మోరిస్ మైనర్. దాని ముందుచక్రపు క్రింది ఆర్మునకు లోపలికొన యందు రబ్బరు బుష్షు ఉండును. వెలుపలికొన యందు మరలుగల లోహపు కీలుండును. ఈ లోహపు కీలునకు గ్రీజు తప్పినచో మరలు అరిగి చక్రము ఒరిగిపోవును. ఆ రబ్బరు బుష్షునకు గ్రీజు పూసినచో అది పాడగును. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి పుట్టి, 2014 వరకు మనదేశమున తయారైన అంబాసిడరు కారులోను మైనర్‌లో వలెనే మెలిపడు ఉక్కు కడ్డీ ముందుచక్రములకు స్ప్రింగుగా పనిచేయును.

వేడిమి, గాలి, కాలము రబ్బరును పగుల్చును గనుక పాతకార్లకు బుష్షులు మార్చక తప్పదు. కారును కేవలము జాకీపై వదలక గట్టి స్టాండులపై నిలుపవలెను. స్ప్రింగులో దాగిన శక్తిని ముందుగా సడలింపవలెను. లేనిచో ఆర్ము విదిలించుకొని గాయపరచగలదు. క్రొత్త బుష్షును సబ్బునీటితో దిగవేయవచ్చును. నట్టును మాత్రము అప్పుడే పూర్తిగా బిగింపరాదు. చక్రములు వ్రేలాడునప్పటికిని, కారు నేలపై నిలిచినప్పటికిని ఆర్ము కోణములో 15 డిగ్రీల భేదమున్నదనుకొందము. వ్రేలాడుచుండగా బిగించినచో కారు నిలిచియున్నప్పుడే రబ్బరు 15 డిగ్రీలు మెలిపడి యుండును. గతుకు మరి 10 డిగ్రీలు లేపినచో మెలిక 25 డిగ్రీలగును. కారును నేలకు దించి బిగించినచో అది 10 డిగ్రీలే. మొదటి బుష్షు త్వరలో చిరుగును. రెండవది ఏండ్లు మన్నును.

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందము కనుగొన్న పాలీయురిథేన్‌తోను నేడు బుష్షులు చేయుచున్నారు. వీనిలో పెక్కు మెలిపడవు. లోపలి గొట్టముపై జారును. కావున వీనికి సిలికోన్ వంటి తగిన గ్రీజు మరల అవసరమయ్యెను. వాడుకను బట్టి గాక, కీలు జారునదో మెలిపడునదో తెలిసికొని కందెనను చేపట్టవలెను. ఆ ఒక్క ప్రశ్న పైననే చక్రము నిలుకడ ఆధారపడి యున్నది.