దేవయానిలో వెలిగిన తార

1885వ సంవత్సరం ఆగస్టు 20వ తేదీ రాత్రి, నేడు ఎస్టోనియాలో టార్టూ అని పిలువబడుతున్న డోర్పాట్ నగరపు వేధశాలలో హార్ట్‌విగ్ అనే జర్మన్ ఖగోళజ్ఞుడు తన దూరదర్శినిని దేవయాని నీహారిక వైపు త్రిప్పినాడు. పాశ్చాత్యులు ఆండ్రోమెడా అని వ్యవహరించే తారామండలంలో, వెన్నెల లేని రాత్రి వట్టి కంటికి పలుచని వెలుగు మరకవలె అగుపించే వస్తువది. ఆ మరక నడుమ, కేంద్రానికి చేరువగా, అంతకుమునుపు లేని నక్షత్రమొకటి అతనికి కనిపించినది. నీహారిక మొత్తం కాంతిలో ఇంచుమించు పదోవంతు ఆ ఒక్క చుక్కదే. కొద్ది నెలలలోనే అది క్షీణించి మరుగైపోయినది.

చూచుట ఒక యెత్తు. చూచినది ఏ జాతిదో తెలియుట మరొక యెత్తు. అప్పటి పండితులెరిగిన క్రొత్త తారలు నోవాలు మాత్రమే. కనుక దీనినీ ఆ గాటనే కట్టినారు. ఆ పొరపాటు చిన్నది కాదు. దీపం అసలు శక్తి తెలిసినప్పుడు, అది ఎంత మసకగా కనబడుతున్నదో చూచి దాని దూరం లెక్కకట్టవచ్చును. దూరాన వెలిగే పెట్రోమాక్స్ దీపాన్ని ఆముదపు దీపమని భ్రమించినవాడు, అది ప్రక్కింటిలోనే ఉన్నదనుకొనును గదా! 1911లో ఫ్రాంక్ వెరీ అనే అమెరికన్, 1901 నాటి పెర్సియస్ నోవాతో దీనిని సరిపోల్చి, నీహారిక 1,600 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నదని తేల్చినాడు. అనగా మన పాలపుంత పెరటిలోనే నన్నమాట.

1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో షాప్లీ, కర్టిస్ అనే విద్వాంసులు ఈ విషయమై తలపడినారు. దేవయాని నీహారిక వేరొక గెలాక్సీయే ఐతే, 1885 నాటి ఆ ఒక్క తార కోట్ల సూర్యుల పెట్టున వెలిగి ఉండవలెను. అది నమ్మదగినదేనా అని షాప్లీ పక్షం. ఆనాటి విజ్ఞానాన్ని బట్టి అది తెలివితక్కువ ప్రశ్న కాదు. అదే నీహారికలో అంతకంటె ఎంతో మసకైన నోవాలు కూడ దొరికినవి గనుక, నోవాలలో రెండు తెగలు ఉండరాదా అని కర్టిస్ కొంత సంకోచంతోనే సూచించినాడు. హబుల్ 1923లో ఆ నీహారికలో సెఫీడ్ జాతి చంచల తారను కనుగొని, దాని ఆధారంతో దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని 1925లో ప్రకటించుటతో వివాదం ముగిసినది. నేటి లెక్క 25 లక్షలు. షాప్లీ నమ్మజాలని వెలుగు నిజమైనది.

1934లో బాడే, జ్విక్కీలు ఈ మహావిస్ఫోటాలకు సూపర్నోవా అని పేరు పెట్టినారు. ఒక్క గెలాక్సీని నమ్ముకొని కూర్చుంటే ఇటువంటిది మరల చూడడానికి తరాలు గడచిపోవచ్చును. అందుచేత జ్విక్కీ 1936 నుండి పాలోమార్ కొండపై 18 అంగుళాల ష్మిట్ దూరదర్శినితో అనేక గెలాక్సీలను మాటిమాటికి ఫోటో తీసి, పాత పలకలతో పోల్చి చూచినాడు. విసుగు పుట్టించే పని. ఆయన విసుగు చెందలేదు. 1937 ఆగస్టులో దొరికిన సూపర్నోవా తానున్న చిన్న గెలాక్సీనే వెలవెలబోజేసినది.

అట్లు లభించిన వానిలో పదునాలుగింటి వర్ణపటాలను మింకోవ్‌స్కీ పరిశీలించి, 1941లో రెండు తరగతులు చేసినాడు. ఉదజని గీతలు లేనివి తొమ్మిది, మొదటి తరగతి. ఉన్నవి ఐదు, రెండవ తరగతి. మొదటి తరగతిని తరువాత మరల చీల్చవలసి వచ్చినది. అందు ‘ఏ’ శాఖవి శ్వేత కుబ్జతారలు బ్రద్దలగుట వలన కలుగును. రెండవ తరగతివి మహాతారల గర్భం కూలుట వలన.

మరి హార్ట్‌విగ్ తార? దాని వర్ణపటానికి ఫోటో లేదు. ఆనాటివారు కంటితో చూచి వ్రాసుకొన్న మాటలే మిగిలినవి. నూరేండ్ల తరువాత, 1985లో, వొకులర్, కార్విన్ అనువారు ఆ పాత వ్రాతలను ప్రోగుచేసి పరిశీలించినారు. నేడది ‘ఏ’ శాఖలోనిదే, కాని వేగిరమే ఆరిపోయిన ఒక వింత తార అని ఎంచుచున్నారు. 1989లో ఫెసెన్ బృందం దాని శేషాన్ని సైతం కనుగొన్నది. పేలుడులో వెదజల్లబడిన ఇనుము వెనుకనున్న తారల వెలుగును అడ్డుకొనుట వలన, నీహారిక కాంతిలో అది ఒక చిన్న నల్లని చుక్కగా కనిపించినది.