కృష్ణా పరీవాహక ప్రాంతంలో నీటి ‘నష్టం’ - చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మహాబలేశ్వరం వద్ద పుట్టి హంసలదీవి వద్ద సముద్రంలో కలిసే కృష్ణానది పరీవాహక ప్రాంతంలో ఏ నీటిని వినియోగంగా, ఏ నీటిని నష్టంగా లెక్కించారన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పును చెరువు, ఆనకట్ట, ట్రిబ్యునల్ అనే మూడు దశలలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చెరువు:

కాకతీయ గణపతిదేవుని కాలంలో నిర్మితమైన పాకాల చెరువు కృష్ణకు ఉపనది అయిన మున్నేరు పరీవాహకంలోనిది. చెరువులో నిలిచిన నీటిలో కొంత ఆవిరవుతుంది, కొంత భూమిలోకి ఇంకుతుంది. ఆవిరైన నీరు ఆయకట్టుకు దక్కదు. ఇంకిన నీరు మాత్రం దిగువ బావులలో ఊటగా, వాగులో జాలుగా మళ్లీ కనిపిస్తుంది. గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. అందువల్ల ఒక చెరువు వదిలిన నీరు మరొక చెరువుకు రాబడి అవుతుంది.

3. ఆనకట్ట:

1833 నాటి గుంటూరు కరవు డెల్టాకు నికరమైన సాగునీరు ఎంత అవసరమో తెలియజెప్పింది. 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల సేద్యం దృష్టితో చూస్తే ఆనకట్ట దాటిన నీరు ‘సముద్రం పాలైన’ నీరే. అయితే నదీముఖంలో ఉప్పునీటిని వెనక్కు నెట్టడానికి, మడ అడవులు, మత్స్యసంపద నిలవడానికి ఆ ప్రవాహమే ఆధారం.

4. ట్రిబ్యునల్:

1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం లభ్యత ప్రాతిపదికన 2060 టీఎంసీలను నిర్ధారించి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. సాగుకు వాడిన తరువాత తిరిగి నదిని చేరే నీటిని అదనపు లభ్యతగా గుర్తించింది. శ్రీశైలం జలాశయంలో ఆవిరయ్యే నీటికి ఆంధ్రప్రదేశ్ వాటాలోనే 33 టీఎంసీలు లెక్కగట్టారు. అంటే తిరిగివచ్చే నీరు జమలోకి, ఆవిరయ్యే నీరు ఖర్చులోకి చేరాయి. చెరువు కింది రైతుకు అనుభవంలో ఉన్న విషయమే ఇక్కడ న్యాయనిర్ణయంలో అంకెల రూపం పొందింది.

5. ముగింపు:

కాలువకు సిమెంటు లైనింగ్ చేస్తే చివరి భూములకు నీరు అందే అవకాశం పెరుగుతుంది. కాని కాలువ ఊట మీద ఆధారపడిన బావికి రాబడి తగ్గుతుంది. తీరంలో ఉప్పునీటి పొరలోకి ఇంకిన మంచినీరు మాత్రం మళ్లీ సేద్యానికి పనికిరాదు. కనుక ఇంకుడును అంతటా ఒకే విధంగా నష్టమనడం సరికాదు. నీటి పొదుపు పథకాన్ని అంచనా వేసేటప్పుడు, కాలువలో మిగిలిన నీటితోపాటు దానివల్ల దిగువన ఎవరికి నీరు తగ్గిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.