కొరత చెప్పే లెక్క

పాత నల్లగొండ జిల్లాలో భువనగిరి, వలిగొండ వైపు మూసీ కింద సాగయ్యే పొలాలకు హైదరాబాద్ మురుగు కలిసిన నీళ్లే ఆధారం. ఆ నీళ్లలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. అదే జిల్లాలో దేవరకొండ వైపు, ఆపైన పాలమూరులో కల్వకుర్తి, అచ్చంపేట వైపు పోతే ఎర్ర చెల్కలు. అక్కడ యూరియా ఎంత చల్లినా, నేలలో బోరాన్ చాలకపోతే పల్లి గింజ నడుమ గుల్లబారుతుంది. ఒకచోట తిండి ఎక్కువై నదికి ఊపిరాడదు. ఇంకోచోట చిటికెడు పోషకం లేక పంట ఎదగదు.

ఈ రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే. జీవి ఎంత ఎదగాలో తేల్చేది దాని దగ్గర పుష్కలంగా ఉన్నది కాదు, దాని అవసరంతో పోలిస్తే అన్నిటికన్నా తక్కువైనది. కంటికి కనిపించని సూక్ష్మజీవుల మీద పరీక్షలు చేసి ఈ మాటను లెక్కగా మార్చడానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది. ఆ కథలో ఒక దారి మన బేగంపేట నుంచి మొదలైంది. ఇంకొక దారి భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలకు చేరింది.

పీపాలో పొట్టి చెక్క

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో యూరప్‌లో చాలామంది మొక్క తిండి అంతా కుళ్లిన ఆకు అలములోనే ఉంటుందని నమ్మేవాళ్లు. జర్మనీకి చెందిన కార్ల్ స్ప్రెంగెల్ ఆ నమ్మకాన్ని కాదన్నాడు. మొక్కకు ఖనిజ పోషకాలు కావాలని, వాటిలో ఏ ఒక్కటి చాలకపోయినా మిగతావన్నీ ఉండి ఫలితం లేదని 1828లో వివరించాడు. 1840లో యుస్టస్ ఫాన్ లీబిగ్ రాసిన వ్యవసాయ రసాయన శాస్త్ర గ్రంథం ఈ ఆలోచనను దేశదేశాలకూ చేర్చింది. లోకం దాన్ని ‘లీబిగ్ కనిష్ఠ సూత్రం’ అని పిలుచుకుంది. తర్వాతి వాళ్లు దానికో బొమ్మ గీశారు. పొడుగూ పొట్టీ చెక్కలతో చేసిన పీపాలో నీళ్లు అన్నిటికన్నా పొట్టి చెక్క దాకే నిలుస్తాయి. మిగతా చెక్కలు ఎంత ఎత్తు పెంచినా చుక్క కూడా అదనంగా ఆగదు.

దాదాపు అదే సమయంలో, 1838లో, బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు పియర్ వెర్‌హుల్స్ట్ జనాభా పెరుగుదలకు ఒక సమీకరణం రాశాడు. సంఖ్య మొదట జోరుగా పెరుగుతుంది, వనరులు కరిగేకొద్దీ నెమ్మదిస్తుంది, చివరికి ఒక హద్దు దగ్గర ఆగుతుంది. సాగదీసిన ఎస్ అక్షరంలా ఉండే ఆ వంపును చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

బేగంపేట నుంచి కసౌలీ దాకా

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన సంగతి మనకు తెలిసిందే. ఆ తర్వాత రాస్ గణితం వైపు తిరిగాడు. దోమలు ఎన్ని ఉంటే జబ్బు ఎంత పాకుతుందో సమీకరణాలు కట్టాడు. 1901లో సియెర్రా లియోన్‌కు మలేరియా నివారణ పనిమీద వెళ్లినప్పుడు ఆండర్సన్ మెకెండ్రిక్ అనే యువ వైద్యుణ్ని వెంట తీసుకెళ్లాడు. రాస్ సావాసంలో మెకెండ్రిక్‌కు కూడా లెక్కల మీద మనసు పడింది. తర్వాత అతను భారత వైద్య సేవలో చేరి కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు.

అక్కడ అతని ముందున్నది బాక్టీరియా లెక్క. మన పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియా అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. అదే వేగం ఒక రోజంతా సాగితే 72 సార్లు రెట్టింపవుతుంది. గ్రాములో లక్ష కోట్లో వంతు బరువుండే ఒక్క కణం నుంచి తెల్లారేసరికి నాలుగు వేల ఏడు వందల టన్నుల బాక్టీరియా తయారవ్వాలి. అలా ఎన్నడూ జరగదు. ఎందుకు జరగదో, ఎక్కడ ఆగుతుందో చెప్పే లెక్క కావాలి.

మెకెండ్రిక్, అతని సహరచయిత కేశవ పాయి కలిసి 1911లో ఆ లెక్క కట్టారు. బాక్టీరియా పెరిగే వేగం రెండింటి మీద ఆధారపడుతుందన్నారు. ఒకటి ఇప్పటికే ఉన్న కణాల సంఖ్య, రెండోది ఇంకా మిగిలిన పోషకం. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చింది వెర్‌హుల్స్ట్ వంపే. పులుసు ద్రవంలో పెంచిన ఈ-కోలైని గంటగంటకూ లెక్కపెట్టి సమీకరణంతో పోల్చి చూశారు. అమెరికాలో పెర్ల్, రీడ్ ఇదే వంపును మనుషుల జనాభాకు వాడి పేరు తెచ్చుకున్నది 1920లో. అంతకు తొమ్మిదేళ్ల ముందే బాక్టీరియా పెరుగుదలను మిగిలిన తిండితో ముడిపెట్టి చూపించిన ఇద్దరిలో ఒకరు భారతీయుడు. మన పాఠ్యపుస్తకాల్లో కేశవ పాయి పేరు రావలసినంతగా రాలేదు. అది పూడ్చవలసిన లోటు.

మోనో గీసిన వంపు

లీబిగ్ సూత్రం ‘ఎంత’ అని చెప్పింది. ‘ఎంత వేగంగా’ అన్నదానికి జవాబు పారిస్‌లో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో జాక్ మోనో అనే పరిశోధకుడు బాక్టీరియాకు కొలిచిన చక్కెర మాత్రమే పెట్టి, మిగతా పోషకాలన్నీ పుష్కలంగా ఉంచి, పెరుగుదలను కొలుస్తూ పోయాడు. చక్కెర ఎంత వేస్తే అంత నిష్పత్తిలో చివరి దిగుబడి వచ్చింది. వేగం మాత్రం అలా పెరగలేదు. కొద్ది చక్కెరకు గబగబా పెరిగి, ఆ తర్వాత ఎంత కలిపినా ఒక హద్దు దాటలేదు.

ఆ వంపును మోనో రెండు అంకెల్లో పట్టాడు. ఒకటి ఆ జీవి అందుకోగల గరిష్ఠ వేగం. రెండోది ఆ వేగంలో సగం రావడానికి కావలసిన పోషకపు గాఢత. దీన్ని ‘సగం గుర్తు’ అనుకుందాం. పోషకం సగం గుర్తు దగ్గర ఉంటే వేగం 50 శాతం. దానికి రెట్టింపు ఉంటే 67 శాతం. తొమ్మిది రెట్లుంటే 90 శాతం. 99 శాతం వేగం కావాలంటే 99 రెట్లు కావాలి. కరువులో ఉన్న జీవికి మొదటి చిటికెడు ప్రాణం పోస్తుంది. కడుపు నిండిన జీవికి బస్తాలు గుమ్మరించినా తేడా ఉండదు. ఎంజైముల పనితీరు మీద మికేలిస్, మెంటెన్ 1913లో రాసిన సమీకరణానికీ ఇదే రూపం ఉంది.

మోనో సిద్ధాంత గ్రంథం 1942లో అచ్చయింది. 1949లో రాసిన సమీక్షా వ్యాసంతో ఆయన సమీకరణం ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడాదే ఆయన ఒకవైపు, అమెరికాలో నోవిక్, జిలార్డ్ మరోవైపు, బాక్టీరియాను ఆగకుండా పెంచే పాత్రను ప్రతిపాదించారు. ఒకవైపు నుంచి కొత్త ద్రవం వస్తుంటే ఇంకోవైపు నుంచి అంతే బయటికి పోతుంది. నీటి వేగం బాక్టీరియా గరిష్ఠ వేగాన్ని మించితే అవి రెండుగా చీలేలోపే కొట్టుకుపోతాయి. ఈ ఒక్క మాట తర్వాత మురుగు శుద్ధి కేంద్రాల లెక్కలకు పునాది అయింది.

ఆ పరిశోధనలోనే మోనోకు ఇంకో వింత కనిపించింది. గ్లూకోజు, లాక్టోజు రెండూ పెడితే బాక్టీరియా ముందు గ్లూకోజునే తిని, కాసేపు ఆగి, అప్పుడు లాక్టోజు మొదలుపెడుతుంది. ఆ విరామం ఎందుకన్న ప్రశ్న జన్యువుల నియంత్రణ దాకా తీసుకెళ్లి 1965లో జాకబ్, ల్వోఫ్‌లతో కలిసి నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది.

సుబ్బారావు చేతిలో కొలబద్ద

కొరతను లెక్కకట్టాలంటే ముందు దాన్ని కొలవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ వాడే ఆ పద్ధతిలో భాస్వరం ఎంత ఉంటే అంత చిక్కటి నీలిరంగు వస్తుంది. ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ ఇప్పటికీ జీవరసాయన విద్యార్థులు చేతులారా చేసే ప్రయోగం.

తర్వాత లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన బృందం బాక్టీరియానే కొలబద్దగా వాడుకుంది. లాక్టోబాసిల్లస్ కేసై అనే బాక్టీరియాకు అన్ని పోషకాలూ ఇచ్చి ఒక్క ఫోలిక్ ఆమ్లం మాత్రం ఇవ్వకపోతే పెరగదు. అనుమానించిన పదార్థాన్ని కాస్త కలిపితే, అది ఎంత పెరిగిందో దాన్నిబట్టి అందులో ఫోలిక్ ఆమ్లం ఎంతుందో తేలుతుంది. లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ పోషకాన్ని కణం వాడుకోకుండా అడ్డుకునే మందులు కూడా అదే బృందం చేసింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో వాటిలో ఒకదానితో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కి తగ్గించాడు. కొరతను కొలిచే చెయ్యే కొరతను మందుగా కూడా మలిచింది.

మూసీ కత్వల దగ్గర

ఇక మూసీ. 30 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లలో కరగగలిగే ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములు. మామూలు పట్టణ మురుగులోని వ్యర్థాన్ని సూక్ష్మజీవులు తినాలంటే లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా కావాలి. ఇక్కడ తిండికి కొదవలేదు, పొట్టి చెక్క ఆక్సిజనే. అది అయిపోగానే ఆక్సిజన్ అక్కరలేని బాక్టీరియా రంగంలోకి దిగి దుర్వాసన వస్తుంది. నదిలో ఆక్సిజన్ ఇలా పడిపోయి మళ్లీ లేచే వంపును 1925లో స్ట్రీటర్, ఫెల్ప్స్ ఒహాయో నది మీద లెక్కగట్టారు. 1970లో లారెన్స్, మెకార్టీ మోనో సమీకరణాన్ని మురుగు శుద్ధికి అన్వయించారు.

మూసీ మీద పాతకాలపు కత్వలు చాలా ఉన్నాయి. పొలాలకు నీళ్లు మళ్లించడానికి కట్టిన ఆ అడ్డుకట్టల దగ్గర నీళ్లు ఆగుతాయి, మడ్డి అడుగుకు దిగుతుంది, కిందికి దూకేటప్పుడు నురగ కట్టి గాలిని కలుపుకుంటాయి. మోనో భాషలో చెప్పాలంటే సూక్ష్మజీవులకు సమయమూ, ఆక్సిజనూ రెండూ దొరుకుతాయి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 దశకంలో నగరం దిగువన నెలనెలా నమూనాలు తీసి చూశారు. దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో సేంద్రియ కాలుష్యం, ఈ-కోలై, నులిపురుగుల గుడ్లు బాగా తగ్గాయని, అందులో కత్వల పాత్ర పెద్దదని తేల్చారు. ఉప్పుదనం మాత్రం దిగువకు పోయేకొద్దీ పెరిగింది.

కత్వ చేసే మేలుకు హద్దుంది. సూక్ష్మజీవి తినగలిగినదీ, అడుగుకు దిగేదీ మాత్రమే తగ్గుతుంది. భార లోహాలు నశించవు. తినే పదార్థానికే విషగుణం ఉంటే, అది గాఢమయ్యేకొద్దీ పెరుగుదలే మందగిస్తుందని 1968లో ఆండ్రూస్ రాసిన సమీకరణం చెబుతోంది. కాబట్టి పరిశ్రమల వ్యర్థాన్ని నది చూసుకుంటుందని వదిలేయడానికి ఏ లెక్కా ఒప్పుకోదు. దాన్ని పుట్టినచోటే ఆపాలి.

చెల్కలో అరకిలో బోరాన్

చెల్క నేలలో కూడా సూక్ష్మజీవుల లెక్క నడుస్తూనే ఉంటుంది. వాటి ఒంట్లో ఎనిమిది పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. తిన్న కర్బనంలో మూడింట రెండు వంతులు ఊపిరిగా ఖర్చవుతుంది. అంటే 24 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉన్న తిండి వాటికి సరిపోతుంది. వరిగడ్డిలో నత్రజని అంతకన్నా చాలా తక్కువ. ఆ గడ్డిని మాగనీయకుండా అలాగే కలియదున్నితే సూక్ష్మజీవులు లోటును నేలలోంచి లాక్కుంటాయి, కొన్నాళ్లు పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. బాగా మాగిన పెంట వేయమని పెద్దలు చెప్పడంలో ఈ లెక్కే ఉంది.

ఇక సూక్ష్మ పోషకాలు. ఈ శతాబ్దం మొదట్లో వాటర్‌షెడ్ పథకంలో భాగంగా ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల రైతుల పొలాల్లో మట్టి పరీక్షలు చేశారు. ఎక్కువ పొలాల్లో గంధకం, బోరాన్, జింక్ మూడూ చాలడం లేదని తేలింది. 2002 నుంచి 2004 వరకు వానాకాలం పంటల్లో హెక్టారుకు 30 కిలోల గంధకం, 10 కిలోల జింక్, అరకిలో బోరాన్ వేసి చూశారు. పెసర, మక్క, పల్లి, ఆముదం, కంది అన్నిటా దిగుబడి పెరిగింది. అరకిలో బోరాన్ హెక్టారు నేలకు! మోనో వంపులో మొదటి చిటికెడు విలువ ఇదే.

ఈ కొరత ఏళ్ల తరబడి పేరుకున్నది. పెంట తగ్గింది. గంధకం ఉండే సూపర్ ఫాస్ఫేట్ స్థానంలో అది లేని డీఏపీ వచ్చింది. పంట ప్రతి ఏడూ జింకును, బోరాన్‌ను తీసుకుపోతూనే ఉంది. యూరియా మాత్రం తేలిగ్గా దొరికింది కాబట్టి అదే పడింది. పొడుగు చెక్కనే ఇంకా పొడిగించడానికి రైతు అప్పు చేస్తున్నాడు. ఇందులో తప్పు రైతుది కాదు. తన పొలంలో ఏది తక్కువో అతనికి చెప్పే ఏర్పాటు గట్టిగా లేకపోవడం తప్పు.

ఆ ఏర్పాటుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. యాసంగి పంట కోశాక, గట్లూ చెట్ల నీడా పెంటకుప్పలు వేసిన చోట్లూ వదిలి, పొలంలో పదిచోట్ల జానెడు లోతుకు వీ ఆకారంలో తవ్వి మట్టి తీయాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించి, నీడన ఆరబెట్టి ప్రయోగశాలకు పంపాలి. నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో ఆగిపోకుండా గంధకం, జింక్, బోరాన్ కూడా చూడమని పట్టుబట్టాలి. ఫలితం వచ్చాక అందులో పంట అవసరంతో పోలిస్తే అన్నిటికన్నా తక్కువున్న పోషకం దగ్గరే ఎరువుల ఖర్చు మొదలుపెట్టాలి.