ముత్తులక్ష్మి రెడ్డి: పురిటిగది నుంచి శాసనమండలికి

ముత్తులక్ష్మి రెడ్డి (1886 జులై 30 – 1968 జులై 22) వైద్యురాలు, సంఘ సంస్కర్త, బ్రిటిష్ ఇండియాలో చట్టసభలో అడుగుపెట్టిన తొలి మహిళ. 1927 నుంచి 1930 దాకా మద్రాసు శాసనమండలిలో సభ్యురాలిగా, ఉపాధ్యక్షురాలిగా పనిచేశారు. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసు రాజధానిలోవే కాబట్టి తెలుగువాళ్ళకూ అదే శాసనమండలి. దేవదాసీ వ్యవస్థ మీద ఆమె పోరాటం చాలామందికి తెలుసు. ఆడపిల్లల పెళ్ళి వయసు పెంచాలనీ, పసిప్రాయపు కాన్పులు ఆపాలనీ అదే సభలో ఆమె చేసిన వాదన గురించి మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

నేపథ్యం

పుట్టింది పుదుక్కోట సంస్థానంలో. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు, తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టినావిడ. ముత్తులక్ష్మి పెద్దమనిషి కాగానే బడి మాన్పించారు. ఆ ఈడు పిల్లలకు ఇంట్లో సంబంధాలు వెతికే రోజులవి. ఆమె తండ్రి దగ్గరా, ఇంటికొచ్చే మాస్టర్ల దగ్గరా చదువుకుని మెట్రిక్ పాసయ్యారు. మగపిల్లల కళాశాలలో చేరడానికి సంస్థానాధీశుడి అనుమతి కావలసివచ్చింది. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి పట్టా తీసుకుని ఎగ్మూరు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేరారు. 1914లో డాక్టర్ సుందరరెడ్డిని చేసుకునేనాటికి ఆమె వయసు ఇరవయ్యేడు. తనను సమానురాలిగా చూడాలన్న షరతు మీద ఒప్పుకున్న పెళ్ళి అది.

ఎగ్మూరు వంటి ఆసుపత్రికి వచ్చే కాన్పు కేసుల్లో చాలాచోట్ల తల్లులే పిల్లలు. రజస్వల అయిన పన్నెండు, పదమూడేళ్ళ అమ్మాయికి గర్భాధాన ముహూర్తం పెట్టి కాపురానికి పంపడం అప్పటి ఆనవాయితీ. రజస్వల అయినంత మాత్రాన కటి ఎముకలు ఎదిగిపోవు. బిడ్డ తల దారిలో ఇరుక్కుంటే నొప్పులు రెండు రోజులు, మూడు రోజులు సాగుతాయి. ఆ ఒత్తిడికి మూత్రాశయపు గోడ చిల్లిపడితే తల్లి బతికి బయటపడినా మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. ఆ వాసనకు సొంతవాళ్ళే ఆ పిల్లను దూరం పెడతారు. రక్తహీనత, గుర్రపువాతం, బరువు లేని బిడ్డలు సరేసరి. పెళ్ళి వయసు మీద సభలో ఆమె పురుడు పోసిన అనుభవంతో మాట్లాడారు. ఆమె ప్రసంగాలకు బలం అక్కడినుంచే వచ్చింది.

శాసనమండలిలో

మద్రాసులో స్త్రీలకు ఓటుహక్కు 1921లో వచ్చింది, సభ్యులయ్యే హక్కు 1926లో. ఆ ఏడాది ఎన్నికల్లో నిలబడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ప్రభుత్వం నామినేట్ చేసే స్థానానికి అడయారులోని మహిళా భారత సంఘం ముత్తులక్ష్మి పేరు సూచించింది. వైద్యం వదిలి రావడానికి ముందు తటపటాయించినా చివరికి ఒప్పుకున్నారు. సభ ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది.

1928లో ఆమె పెట్టిన తీర్మానం సూటిగా ఉంది: ఆడపిల్లకు పదహారు, మగపిల్లవాడికి ఇరవై ఒకటి నిండితేగాని పెళ్ళి చేయకుండా చట్టం రావాలి. వివాహ చట్టం దేశమంతటికీ సంబంధించినది గనక, రాష్ట్ర సభ చేయగలిగింది కేంద్రానికి సిఫారసు పంపడమే. రజస్వల కాకముందే పెళ్ళి చేయాలని ధర్మశాస్త్రం చెబుతోందనీ, పరాయి ప్రభుత్వం మన ఆచారాల్లో వేలుపెట్టకూడదనీ అప్పటి సనాతనుల అభ్యంతరం. ఈ రెండో మాటలో దేశాభిమానం కూడా కలిసి ఉండటంతో జవాబు చెప్పడం కష్టమైంది. ఆమె స్వయంగా జాతీయవాది. అయినా తల్లీబిడ్డల ప్రాణాల దగ్గర రాజీపడలేదు. సభ తీర్మానాన్ని ఆమోదించింది.

పిల్లల సంక్షేమాన్ని ఆమె పెళ్ళి వయసుతోనే ఆపలేదు. బడిపిల్లలకు వైద్యపరీక్షలు చేయాలనీ, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఆసుపత్రి కావాలనీ, బీద ఆడపిల్లలకు ఫీజు మినహాయించాలనీ సభలో అడుగుతూ వచ్చారు. బడిలో ఉన్న పిల్లకు పెళ్ళి వెనక్కి జరుగుతుందన్నది ఆమె సొంత జీవితమే నేర్పిన పాఠం.

శారదా చట్టం

లైంగిక సంబంధానికి సమ్మతి వయసును శిక్షాస్మృతి 1860లో పదేళ్ళుగా పెట్టింది. కలకత్తాలో ఓ బాలవధువు భర్త చేతిలో చనిపోయిన కేసు తరవాత 1891లో అది పన్నెండయింది. 1925లో భార్య విషయంలో పదమూడుకు, ఇతరుల విషయంలో పద్నాలుగుకు పెంచారు. ఈ నిబంధనలు పడకగది దాకా వెళ్తేగాని రుజువయ్యేవి కావు. అందుకే పెళ్ళినే పట్టుకోవాలన్న ఆలోచన బలపడింది. అజ్మీరు సభ్యుడు హర్‌బిలాస్ శారదా 1927లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. మోరోపంత్ జోషీ అధ్యక్షతన వేసిన కమిటీ దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించింది. మద్రాసు సభ్యుడు ఎం.కె. ఆచార్య వంటివాళ్ళు చివరిదాకా ఎదిరించారు. 1929 సెప్టెంబరులో సభ బిల్లును ఆమోదించింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది.

చట్టం వచ్చిందిగానీ కోరలు లేవు. పోలీసు తనంతట తాను కేసు పెట్టలేడు. ఫిర్యాదు చేసినవాడే వంద రూపాయల దాకా పూచీకత్తు రాసివ్వవలసి రావచ్చు. ఏడాది దాటితే కేసే లేదు. అన్నిటికీ మించి, జరిగిన పెళ్ళి చెల్లుతుంది. పై ఊళ్ళో జరిగిన పెళ్ళి మీద సొంత డబ్బు పూచీపెట్టి కోర్టుకెక్కేవాడెవడు? అమలు తేదీకి ముందున్న ఆరు నెలల్లో దేశమంతటా హడావుడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. 1931 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళలోపు భార్యల సంఖ్య 1921 కంటే బాగా పెరిగి కనబడింది.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఇంకో దారి దొరికింది. యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ శారదా చట్టం వర్తించదు. పెళ్ళివారు సరిహద్దు దాటి పిల్లలను తీసుకువెళ్ళి తాళి కట్టించి తిరిగొచ్చేవారు. అలా జరిగిన పెళ్ళిళ్ళ వల్లనే యానానికి కల్యాణపురం అన్న పేరొచ్చింది. పేరు వినసొంపుగానే ఉంది. దాని వెనక ఉన్నది సరిహద్దు అవతలికి మోసుకెళ్ళిన పసిపిల్లలు.

తరవాత

1930లో గాంధీ అరెస్టుకు నిరసనగా ముత్తులక్ష్మి సభ్యత్వానికి రాజీనామా చేశారు. హాస్టళ్ళు చేర్చుకోని దేవదాసీ బాలికలు తన గుమ్మం ముందు నిలబడితే ఇంట్లోనే చోటిచ్చారు, అదే అవ్వై హోమ్ అయింది. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖంలోంచి పుట్టిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది.

ఆమె తరవాతి తరంలో, ఎనిమిదో ఏట పెళ్ళయిన రాజమండ్రి పిల్లే చట్టసభకు వెళ్ళింది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. పదిహేనో ఏట ఆ పెళ్ళి వద్దని బయటికి వచ్చి, రాజ్యాంగ సభలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆడపిల్ల పెళ్ళి వయసు 1949లో పదిహేనుకు, 1978లో పద్దెనిమిదికి పెరిగింది. ముత్తులక్ష్మి అడిగిన పదహారు చట్టంలోకి ఎప్పుడూ రాలేదు. దాన్ని దాటడానికే యాభై ఏళ్ళు పట్టింది, అప్పటికి ఆమె పోయి పదేళ్ళు. శారదా చట్టం స్థానంలో 2006లో కొత్త చట్టం వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి పందొమ్మిదేళ్ళ అమ్మాయిల్లో అప్పటికే తల్లులో గర్భిణులో అయినవాళ్ళు దేశంలో 6.8 శాతం, తెలంగాణలో 5.8, ఆంధ్రప్రదేశ్‌లో 12.6.

ఇప్పటి చర్చ మళ్ళీ ఆసుపత్రి దగ్గరికే వచ్చింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద పద్దెనిమిది నిండని గర్భిణి వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. కేసు భయంతో పిల్లను ఆసుపత్రికి తీసుకురాకుండా నాటువైద్యానికి తీసుకెళ్ళే కుటుంబాలున్నాయి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనరూ ఆమె సంరక్షకులూ కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరూ వివరాలూ డాక్టరు రాయనక్కర్లేదని చెప్పింది.