సింకులో పుట్టిన చంద్రలోకం

గ్లాసులో స్ట్రా పెట్టి ఊదితే బుడబుడమని బుడగలు లేస్తాయి. పిల్లలు ఆ పని చేస్తే కసురుకుంటాం. 1959-60 ప్రాంతంలో లండన్‌లో ఒక ముప్ఫై ఏళ్ల మనిషి తన ఫ్లాటులో కూర్చుని అదే పని చేసి, ఆ చప్పుడును టేపు మీదికి ఎక్కించాడు. ఆయన పేరు జో మీక్. ‘ఐ హియర్ ఎ న్యూ వరల్డ్’ అన్న ఆయన ఆల్బమ్‌లో అది చంద్రుడి మీద వినిపించే సవ్వడి.

మీక్ 1929లో ఇంగ్లండులోని న్యూయెంట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వైమానిక దళంలో రాడార్ టెక్నీషియన్‌గా చేసి, తర్వాత లండన్ స్టూడియోల్లో సౌండ్ ఇంజనీరుగా పేరు తెచ్చుకున్నాడు. సంగీతం రాయడం రాదు. మనసులో మెదిలిన బాణీని కూనిరాగంగా తీసి వినిపిస్తే వాద్యకారులే దాన్ని అందిపుచ్చుకోవాలి.

అది జనానికి అంతరిక్షం పిచ్చి పట్టిన కాలం. ‘ఈగిల్’ పత్రికలో డాన్ డేర్ సాహసాల బొమ్మల కథ బ్రిటన్ పిల్లలను వారం వారం గ్రహాలు తిప్పుతోంది. 1959లో సోవియట్ నౌక లూనా-2 చంద్రుణ్ణి తాకింది. వెంటనే లూనా-3 చంద్రుడి అవతలి వైపు ఫొటోలు పంపింది. ఆ ఫొటోల్లో కనిపించని జనాన్ని మీక్ ఊహించుకున్నాడు. వాళ్లకు గ్లోబాట్లు, సారూలు, డ్రిబ్‌కాట్లు అని పేర్లు పెట్టాడు. డ్రిబ్‌కాట్లకు ఒక కవాతు పాట కట్టాడు, సారూలకు ప్రణయ నృత్యం.

వాయించడానికి రాడ్ ఫ్రీమన్ బృందం కుదిరింది. వాళ్లకు ‘బ్లూ మెన్’ అని పేరు. హవాయి గిటారు, డ్రమ్ములు వాళ్లవి; మిగతావి ఇంట్లో దొరికినవే. సింకులోంచి నీళ్లు గుడగుడమని జారే చప్పుడు, ఇనుప ముక్కల మోత, షార్టయిన కరెంటు సర్క్యూట్ గీ... అని పెట్టే రొద, అన్నీ పాటలోకి వచ్చాయి.

ఇక చంద్రలోకవాసుల గొంతులు. టేపును రికార్డు చేసిన వేగానికి రెట్టింపు వేగంతో తిప్పితే గొంతు సరిగ్గా ఒక స్థాయి పైకి పోతుంది. మధ్యమ స్థాయి షడ్జమం తార స్థాయి షడ్జమం అవుతుంది. పాట మాత్రం సగం సమయంలోనే అయిపోతుంది. అందుకే లయ తప్పకూడదంటే ముందే అంతకంత నెమ్మదిగా పాడుకోవాలి. వినేవాడికి కీచుగా, హుషారుగా వినిపించే ఆ పాట వెనక పాడినవాళ్లు పడిన తంటా అది.

స్టీరియో అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తోంది. ఒక చెవి నుంచి ఇంకో చెవికి శబ్దం ఎలా ప్రయాణిస్తుందో చూపడం కూడా మీక్ ఉద్దేశం. కానీ 1960లో నాలుగు పాటల చిన్న రికార్డు ఒక్కటే, అదీ కొద్ది ప్రతులే, బయటికొచ్చింది. పన్నెండు పాటల పూర్తి ఆల్బమ్ మూలన పడింది.

చేతికి అబ్బిన పని మాత్రం వృథా పోలేదు. 1962 జూలైలో టెల్‌స్టార్ ఉపగ్రహం ఎగిరింది. హాలోవే రోడ్డులో తోలు సామాన్ల దుకాణం పైనున్న తన ఇంటి స్టూడియోలో మీక్ దాని పేరుతోనే ఒక బాణీ రికార్డు చేశాడు. ‘టోర్నడోస్’ వాయించిన ఆ ‘టెల్‌స్టార్’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి ఎక్కింది. అమెరికా పట్టికలో ఆ మెట్టు ఎక్కిన తొలి బ్రిటిష్ బృందం అదే. బీటిల్స్ అక్కడికి చేరింది 1964లో.

మీక్ 1967లో చనిపోయాడు. ఆయన చంద్రలోకం పన్నెండు పాటలతో పూర్తిగా మార్కెట్లోకి వచ్చింది 1991లో.