కొలవని చోటే కొల్లగొట్టారు

1995లో బెర్లిన్‌లోని ఓ చిన్న సంస్థ 41 దేశాల పేర్లతో ఒక జాబితా విడుదల చేసింది. పదికి 9.55 మార్కులతో న్యూజిలాండ్ మొదటి స్థానంలో, 1.94తో ఇండొనేషియా అట్టడుగున నిలిచాయి. మన దేశానికి దక్కింది 2.78 మార్కులు, 35వ స్థానం. అవినీతిని బట్టి దేశాలకు ఏటా ర్యాంకులిచ్చే ఆనవాయితీ అలా మొదలైంది.

ఆ సంస్థ పేరు ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్. 1993లో దాన్ని స్థాపించిన పీటర్ ఐగన్ అంతకుముందు ప్రపంచ బ్యాంకు తరఫున నైరోబిలో పనిచేసిన జర్మన్. పేద దేశాలకు అక్కరకు రాని ప్రాజెక్టులు లంచాల జోరుతో మంజూరు కావడం ఆయన అక్కడ చూశారు. దాని మీద పోరాడదామంటే బ్యాంకు ఒప్పుకోలేదు. ఆయన బయటికొచ్చేశారు.

లంచానికి రసీదు ఉండదు. అందుకే ఆ జాబితా వ్యాపారులు, నిపుణుల అభిప్రాయాలను పోగుచేసి మార్కులు వేస్తుంది. ఇప్పుడు వందకు లెక్కిస్తున్నారు. 2024లో 180 దేశాల జాబితాలో డెన్మార్క్‌కు 90, భారత్‌కు 38 వచ్చాయి. ఆ ఏడాది మనది 96వ స్థానం. ఈ అంకెలు పాలకులను సిగ్గుపడేలా చేశాయి, చట్టాలు తెప్పించాయి. ఆ మేలు చిన్నది కాదు.

కానీ మొదటి జాబితాలో ఒక పెద్ద లోటు ఉంది. పుచ్చుకునే చేతులను లెక్కించింది, ఇచ్చే చేతులను వదిలేసింది. ఆనాడు జర్మన్ కంపెనీలు విదేశీ అధికారుల చేతులు తడిపితే ఆ సొమ్మును వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. అయినా జర్మనీ జాబితాలో పై వరుసల్లోనే ఉంది. విదేశాల్లో లంచమివ్వడం అమెరికాలో 1977 నుంచే నేరం. మిగతా సంపన్న దేశాలు 1997లో దాన్ని నేరంగా చేసే ఒప్పందంపై సంతకాలు చేశాక, జర్మనీలో ఆ పన్ను రాయితీ 1999లో పోయింది.

ఆ మొదటి జాబితాలో అట్టడుగున నిలిచిన ఇండొనేషియాలోనే 2003-04లో మరో రకం కొలత జరిగింది. జావా దీవిలో 600కు పైగా గ్రామాలు కంకర రోడ్లు వేసుకుంటున్నాయి. అమెరికన్ ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ అభిప్రాయాల మీద ఆధారపడకుండా రోడ్డే తవ్వించారు. ఇంజినీర్లు ఒక్కో రోడ్డుపై పలుచోట్ల గుంతలు తీసి, రాయి ఎంత, ఇసుక ఎంత, కంకర ఎంత పడిందో తూచారు. చుట్టుపక్కల ధరలు, కూలి రేట్లు వాకబు చేశారు. మామూలుగా ఎంత సరుకు వృథా అవుతుందో తేల్చడానికి వాళ్లే చిన్న రోడ్లు వేసి చూశారు. ఆ లెక్కలన్నీ బిల్లుల పక్కన పెడితే, ఖర్చులో దాదాపు నాలుగో వంతు గల్లంతయింది.

గల్లంతైన తీరు ఇంకా ముఖ్యం. ధరలు పెంచి రాసింది తక్కువ, వేయని సరుకు వేసినట్టు రాసింది ఎక్కువ. ఊరివాళ్లు ఎక్కువ ధర రాస్తే పసిగట్టగలిగారు. సంచి సిమెంటు ఎంతో, లారీ ఇసుక ఎంతో అందరికీ తెలుసు. రోడ్డు అడుగున ఎన్ని లారీల రాయి పడిందో మాత్రం ఎవరికి తెలుస్తుంది? దొంగ ఆ చోటే ఎంచుకున్నాడు. ప్రభుత్వ ఆడిట్ తప్పదని ముందే చెప్పిన గ్రామాల్లో గల్లంతయ్యే సొమ్ము 8 శాతం పాయింట్లు తగ్గింది.

ఉగాండాదీ ఇలాంటి అనుభవమే. 1991-95 మధ్య ప్రాథమిక పాఠశాలల కోసం కేంద్ర ఖజానా విడుదల చేసిన గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని సర్వేలో తేలింది. ఖజానా పుస్తకాల్లో అంతా సవ్యమే, బడి పుస్తకాల్లో ఖాళీ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే నాథుడు అంతవరకు లేడు. ఆ తర్వాత ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో ప్రకటించడం మొదలైంది, బడి గోడల మీద అంటించారు. 2001 నాటికి చేరే వాటా 80 శాతానికి పెరిగింది.

మన దగ్గర అలా లెక్కలు సరిపోల్చే పని ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీలు చేశాయి. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ తనిఖీల్లో ఊరి యువత మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఎన్ని రోజులు పనికెళ్లావు, చేతికి ఎంత వచ్చిందని అడిగి రాసుకున్నారు. మండల కేంద్రంలో ప్రజావేదికపై అందరి ముందూ ఆ లెక్కలు చదివారు. కూలీల సొమ్ము కాజేయడం కొంత కష్టమైంది. అయితే 2006-10 రికార్డులు పరిశీలించిన పరిశోధకులకు ఇంకో సంగతి కనిపించింది. సామగ్రి లెక్కల్లో అక్రమాలు పెరిగాయి. తన పనిదినాలు కూలీకి తెలుసు. చెక్‌డ్యామ్‌లో పడిన సిమెంటు ఎంతో తెలియదు. పైగా అక్రమమని తేలిన సొమ్ములో ఎక్కువ భాగం తిరిగి ఖజానాకు చేరనేలేదు.

జర్మన్ కంపెనీ ఖాతా, జావా రోడ్డు, మన ఊరి చెక్‌డ్యామ్ అన్నీ చెప్పేది ఒకటే. అవినీతి కొలత పడని చోటికి జరుగుతుంది. కాబట్టి ర్యాంకు రెండు మెట్లు ఎక్కినా దిగినా, మనం అడగాల్సింది దగ్గరి లెక్క. మన వీధి రోడ్డుకు మంజూరైంది ఎంత, బిల్లులో రాసిన కంకర ఎంత, తవ్వి కొలిచిందెవరు, తేలిన సొమ్ము ఎవరి నుంచి రాబట్టారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు పని జరిగిన చోటే బోర్డు మీద ఉండాలి. లేకపోతే గ్రామసభలో లేచి అడగాలి. ఆ డబ్బు మనది.